వేపాకు తిన్నదెవరు

చౌడయ్య స్వామి అడిగినదానికి అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. అది తెలిసీ వన్నూరప్ప ఆగలేకపోయాడు. రెండేళ్ల కిందట పొలం గట్టు తగాదాలో తమ్ముడి మీద చెయ్యి చేసుకుని, ఆ సిగ్గుతో ఆశ్రమం చేరినవాడు అతడు. కోపం వదిలిందనుకుంటే విత్తనాల వేళకు ఇంటికి రమ్మని తమ్ముడు ఇప్పుడు కబురు పెట్టాడు.

"ఆరు నెలలుగా నాకు ఒక్కసారి కూడా కోపం రాలేదు స్వామీ. పోయినట్టేనా?" అని అడిగాడు. స్వామి మజ్జిగ తాగి, గ్లాసు బోర్లించి లేచాడు.

ఆ సాయంత్రం రోహిణి ఎండల మీద మొదటి వాన కురిసింది. వన్నూరప్పకు కాలు నిలవలేదు. పోవాలని ఒక పక్క, పోతే ఏం చేస్తానోనని ఒక పక్క. తెల్లవారి బయటికొచ్చి చూస్తే ముంగిట్లో వేపచెట్టు సగానికి సగం బోడిగా ఉంది. కింద ఆకు తునకలు. ఆ చెట్టు మీద ఎవరూ కొమ్మలు లాగే దోటి పెట్టకూడదని ఆశ్రమం కట్టడి. సరిగ్గా అప్పుడే మేకలు కాసే ఉలిగమ్మ, దోటి భుజాన వేసుకుని మందను తోలుకుంటూ వచ్చింది. ఇంకేం ఆలోచిస్తాడు? దోటి లాక్కుని, మోకాలికేసి రెండు ముక్కలు చేసి, నోటికొచ్చినట్టు తిట్టాడు.

ఆమె బెదరలేదు. ఒక ఆకు తెంపి అతని చేతిలో పెట్టింది. "మేకైతే ఆకును ఈనెతో సహా లాగేస్తాది సామీ. ఈనె ఇడిసిపెట్టి ఇట్ల అంచులు కొరికేది పురుగు. చెట్టు మొదట్లో తవ్వి చూడు."

అరుపులకు బయటికొచ్చిన స్వామి గడ్డపార అందించాడు. జానెడు లోతులో గోధుమరంగు పెంకు పురుగులు గుంపుగా కనిపించాయి. వెల్లకిలా తిప్పితే రొమ్ము నిండా మెత్తని నూగు. తొలి వానకు మన్ను చీల్చుకుని పైకొస్తాయని, చీకటి పడ్డాక వేపాకు మేసి, వెలుగు రాకముందే మళ్లీ మన్నులో దూరతాయని ఉలిగమ్మ చెప్పింది. వన్నూరప్ప తల ఎత్తలేకపోయాడు. కొత్త దోటి చేసిస్తానన్నాడు. ఆమె సరేనని మేకల వెంట వెళ్లిపోయింది.

విరిగిన కర్ర బదులు ఆ చేతుల్లో తమ్ముడు ఉండి ఉంటే? ఆ ఆలోచన తప్పించుకుందామని మాట పురుగుల మీదికి మళ్లించాడు.

"ఎండాకాలమంతా ఇక్కడే కూర్చుని జపం చేశాను స్వామీ. ఒక్కటీ కనిపించలేదే!"

స్వామి అరచేతిలోని పురుగును మెల్లగా మట్టిలోకి వదిలాడు.

"అన్నాళ్లూ వాన పడలేదు కదప్పా."