పెంకు బలం

ఒక రాజుకు సందేహం వచ్చింది. పంజరంలోని కోడి పెట్టిన గుడ్డు గట్టిదా, ఆరుబయట తిరిగే కోడి పెట్టిన గుడ్డు గట్టిదా? ఆరుబయటి గుడ్డు ఓడితే రాజ్యంలోని కోళ్ళన్నిటినీ పంజరాల్లో పెట్టాలని ఆజ్ఞాపత్రం ముందే రాయించి, తేదీ మాత్రం ఖాళీగా ఉంచాడు. రాజులు సాధారణంగా సందేహించే పద్ధతి అదే.

తేల్చే పని ఆస్థాన పరీక్షకుడిది. ఇరవై ఏళ్ళుగా అతడు కొలిచిందేదీ ఎవరూ తప్పుపట్టలేదు. ఏం కొలవాలో తనను ఎవరూ అడగలేదన్న సంగతి అతడికెప్పుడూ తట్టలేదు. తవుడు పోసిన పళ్ళెంలో గుడ్డును నిలబెట్టి, పైన చిన్న పలక ఉంచి, పెంకు చిట్లేదాకా ఇత్తడి గుండ్లు ఒక్కొక్కటే పేర్చేవాడు.

ఆరుబయటి గుడ్లు ఒక ముసలమ్మ తెచ్చింది. ఆమెకు పన్నెండు కోళ్ళు. అవి దూరని పెరడు లేదు.

“గుడ్డు మీద గుండ్లు పెట్టే ఉద్యోగమా నాయనా! మీ అమ్మ వింటే ఎంత మురిసిపోతుందో.”

“పెంకు బలం తేలాలమ్మా.”

“లోపలి పిల్ల పొడుచుకుని బయటికి రాగలిగితే మా కోళ్ళకు చాలు. మీకు చాలదు కాబోలు.”

ముప్ఫై చొప్పున గుడ్లు చిట్లాయి. పంజరపు గుడ్డు తొమ్మిది గుండ్లు మోసింది. ముసలమ్మ గుడ్డు ఏడింటికే లొంగిపోయింది.

ముసలమ్మ ఖాళీ బుట్టను ఒళ్ళోకి లాక్కుంది. “పన్నెండింటినీ పట్టుకుపోతారా? ఆ కుంటి నల్లదాన్నైనా వదలండయ్యా. దానికి నడక తప్ప ఇంకే సుఖమూ లేదు.”

ఆ మాట పరీక్షకుణ్ణి నిలవనీయలేదు. అంత గట్టి పెంకు ఎలా వస్తుందో చూద్దామని రాజుగారి పంజరాల దగ్గరికి వెళ్ళి ఒక కోడిని పైకెత్తాడు. అది గింజుకోలేదు. దాని కాలు అతడి చేతిలో ఎండుపుల్లలా విరిగింది. రెండోదాన్ని మరింత మెత్తగా పట్టుకున్నాడు. అదీ విరిగింది. కోడి తన ఎముకల్ని కరిగించుకుని పెంకు పోస్తోందని అతడికి అప్పుడు అర్థమైంది. బాధపడవలసినవాడు సంతోషించాడు: ఆజ్ఞను ఆపగల నిజం దొరికింది.

“ప్రభూ, ఆ పెంకు బలం ఎముకల్లోంచి తీసింది. పంజరపు కోడి నాలుగడుగులు వేయలేదు.”

రాజు ముఖంలో జాలి లాంటిదేదో కనిపించింది.

“నాలుగడుగులు కూడానా?”

“వేయలేదు ప్రభూ.”

“మరి ఇన్నాళ్ళూ ఆ తలుపులెందుకు బిగించాం? ఇనుము దండగ.”

ఆజ్ఞాపత్రానికి తేదీ పడింది. ముసలమ్మ కోళ్ళు పన్నెండూ పంజరాలకు వెళ్ళాయి. ఏడాది ఆగి తలుపులన్నీ ఊడదీయించి, ఇకమీదట ఈ రాజ్యంలో బందీ అయిన కోడి ఒక్కటీ లేదని రాజు దండోరా వేయించాడు. విముక్తికి కారకుడని పరీక్షకుడికి శాలువా కప్పాడు.

ఆ రోజు ముసలమ్మ పంజరాల ముందు నూకలు చల్లి కోళ్ళను పిలిచింది. గొంతు గుర్తుపట్టి పన్నెండూ తలలు తిప్పాయి. ఒక్కటీ కదల్లేదు.

ఆమె పరీక్షశాల గడప దగ్గరికి వచ్చి నిలబడింది. లోపల అతడు శాలువాతోనే కూర్చుని కొత్త గుడ్లు కొలుస్తున్నాడు.

“మీరైనా బయటికి రండి నాయనా. తలుపు తీసే ఉందిగా.”

ఎంతమాట అన్నట్టు పరీక్షకుడు నవ్వాడు. లేవబోయి, బల్ల అంచు పట్టుకున్నాడు.