ఎల్లాజీ చూపించే తొమ్మిదో చోటు

నా నోట్లో మిగిలినవి మూడే పళ్ళు. ఆ మూడింటి మీదా ఒట్టేసి చెబుతున్నాను అమ్మాయ్, ఇందులో అక్షరం అబద్ధం లేదు. ఎక్కడైనా ఒకటి పదైతే అయ్యుంటుంది. దాన్ని అబద్ధమనరు.

గైడు ఎల్లాజీకి ఏడుపు రాదు. అదీ అతని బాధ.

పరాయివాళ్ళని ఏడిపించడం మాత్రం అతనికి వచ్చినట్టు ఈ సముద్రమ్మీద ఇంకెవరికీ రాదు. టూరిస్టుల్ని పొద్దున్నే జెట్టీ దగ్గర ఎక్కించుకుని, సాయంత్రానికల్లా మా దీవిలో చూడాల్సిన తొమ్మిది చోట్లూ తిప్పి చూపిస్తాడు. ఒక కుటుంబానికి ఒక జీపు, ఒక పడవ, పక్కన ఎల్లాజీ. వేరేవాళ్ళెవరూ కలవరు. మొదటి ఎనిమిది చోట్లా నవ్విస్తాడు. పదకొండు భాషల్లో నవ్విస్తాడు, అందులో రెండు ఇంకా ఎవరూ మాట్లాడ్డం మొదలుపెట్టనే లేదు. తొమ్మిదో చోట ఏడిపిస్తాడు. ఒకసారి కలకత్తా నుంచి వచ్చిన ఒక భారీ మనిషి ఏడ్చిన ఏడుపుకి ఆ పూట పోటు అరగంట ముందే వచ్చేసింది.

ఆ తొమ్మిదో చోటుకి టూరిస్టులు పెట్టుకున్న పేరు ఆకాశం మెట్లు. దక్షిణపు ఒడ్డున ఇసకలో అయిదు సిమెంటు మెట్లు ఉంటాయి. పైన ఇల్లు లేదు. అయిదో మెట్టెక్కితే ఇంక గాలే.

ఎల్లాజీ అక్కడ సముద్రానికి వీపు పెట్టి నిలబడతాడు. గైడులంతా అలాగే నిలబడతారు, వచ్చినవాళ్ళ మొహాలు కనబడాలి కదా. గొంతు తగ్గించి మొదలుపెడతాడు.

"ఇక్కడ ఒక జాలరి ఉండేవాడండీ. ఆ పెద్ద అల వచ్చిన ఆదివారం పొద్దున అతను నడిసముద్రంలో వేటలో ఉన్నాడు. లోతు నీళ్ళలో ఆ అల తెలియదు. పడవ కింద నీళ్ళు ఒక్కసారి లేచి దిగాయి, అంతే. బుట్టలనిండా చేపలతో పాట పాడుకుంటూ తిరిగొచ్చాడు. వచ్చేసరికి ఈ మెట్లే ఉన్నాయి. భార్య కట్టెలకని కొండెక్కింది కాబట్టి బతికింది. ఇంట్లో ఒక చిన్నపాప నిద్రపోతోంది."

అక్కడ ఆపుతాడు. ఎంతసేపు ఆపాలో అతనికి తెలుసు. ఆ ఆపడంలోనే ఆడవాళ్ళు చెంగులూ, మగవాళ్ళు చేతిరుమాళ్ళూ తీస్తారు.

ఆ జాలరి ఎల్లాజీయే అని ఏ టూరిస్టుకీ తెలీదు. ఆ మెట్లు అతను తన చేత్తో కట్టుకున్నవి. పదకొండేళ్ళలో ఒడ్డున ఆ కథ లక్షసార్లు చెప్పుంటాడు, ఇంట్లో ఒక్కసారి చెప్పలేదు. పాప పేరు ఇంట్లోనూ పలకలేదు, ఒడ్డునా పలకలేదు.

ఒక మంగళవారం అతని భార్య నూకాలు అటకమీంచి ట్రంకుపెట్టె దించింది.

"శుక్రవారం ఓడకి ఎల్తన్నాను మావా. మా అన్న దగ్గరికి. మళ్ళీ రాను."

"ఏటైంది? నేనేటన్నాను?"

"నువ్వేటీ అనలేదు. పదకొండేళ్ళనుంచీ ఏటీ అనలేదు. ఒడ్డున ఊరోళ్ళందరికీ చెప్పి ఏడిపిస్తన్నావంట. నాకాడికొచ్చేసరికి నోరు పెగల్దు." పెట్టె మూత మీద దుమ్ము చీరకొంగుతో తుడిచింది. "ఒక్కదాన్నే ఏడ్సి ఏడ్సి, అది నాకొక్కదానికే పుట్టిందేమో అనిపిస్తంది మావా. ఆ మాట పైకి అంటే పిచ్చిదంటారని ఊరుకున్నాను. ఇంక ఊరుకోలేను."

ఎల్లాజీ ఏదో అనబోయాడు. పదకొండు భాషల్లో ఒక్క మాట దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే గుట్ట మీది దర్గాకి వెళ్ళాడు. అక్కడ లతీఫ్ బాబా ఉంటాడు. భీమిలి మనిషి, ఒకప్పుడు ఓడలో వంటవాడు. వయసు తక్కువలో తక్కువ నూట ఇరవై. గడ్డం ఎంత పొడుగంటే ఈదురుగాలి రోజుల్లో దాన్ని నడుముకి చుట్టి ముడేసుకుంటాడు. ఆ అల వచ్చిన ఏడాదినుంచీ ఎల్లాజీ ఆయనకి శిష్యుడు. గురువారం గురువారం వెళ్ళి దర్గా ఊడ్చి, నీళ్ళు పట్టి, పక్కన కూర్చుని వస్తాడు. బాబా ఏమీ బోధించడు. అన్నదానానికి ఉల్లిపాయలు తరుగుతూ ఉంటాడు.

ఆరోజు బుధవారం. బాబా తలెత్తి చూసి, మళ్ళీ కత్తిపీట మీదికి వంగాడు.

"గురువారం ముందొచ్చేసిందే!"

"నూకాలు ఎల్లిపోతంది బాబా." ఎల్లాజీ నేలమీద చతికిలబడ్డాడు. "దాంతో కలిసి ఒక్కసారి ఏడ్చుంటే ఉండేదేమో. నాకు రాదు. ఇన్నేళ్ళు మీ పక్కన కూర్చున్నాను, ఈ ఉల్లిపాయల ఘాటుకైనా ఒక చుక్క రాలేదు. నా గుండె రాయైపోయింది. ఏదైనా ఇవ్వండి, తాయెత్తో, నీళ్ళో. ఎల్లుండే ఓడ."

బాబా ఉల్లిపాయ పక్కన పెట్టాడు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"నీ టూరు చాలా బాగుంటుందటగా?"

"నేనేటి అడుగుతన్నాను, మీరేటి..."

"నలభై ఏళ్ళైంది నాయనా నేనీ దీవికొచ్చి. ఏదీ తిన్నగా చూళ్ళేదు. రేపు నాకు చూపించు. తొమ్మిదీ చూపించాలి. నేనొక్కణ్ణే వస్తాను, నాతో ఇంకెవర్నీ ఎక్కించకు."

గురువు అడిగాక కాదనడం ఎలా? గురువారం ఏడింటికల్లా బాబా జెట్టీ దగ్గర సిద్ధంగా నిలబడి ఉన్నాడు. తలకి ఏ టూరిస్టో మర్చిపోయిన గడ్డిటోపీ, కళ్ళకి నల్లద్దాలు. అంత కష్టపెట్టే టూరిస్టు మా దీవికి అంతకుముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ముందు సీటు కావాలన్నాడు. అందులో కూర్చున్నాక ఎండ కొడుతోందని వెనక్కి మారాడు. కొబ్బరినీళ్ళు తియ్యగా లేవని ఏడు బొండాలు కొట్టించి ఏడూ తాగాడు. మడ అడవిలో పడవ మీద తీసుకెళ్ళి మొసలిని చూపిస్తే, ఇంకొంచెం పెద్దది లేదా అన్నాడు. ఆ మొసలి అప్పటికే మా వీధంత ఉంది. తల మా ఇంటి దగ్గరుంటే తోక పోస్టాఫీసు దగ్గరుండేది.

అంతటితో ఆగినా బాగుండేది. ఎక్కడికెళితే అక్కడ తప్పులు చెప్పడం మొదలుపెట్టాడు.

లైట్‌హౌస్ దగ్గర, "మూడొందల మెట్లు," అన్నాడు ఎటో చూస్తూ.

"నూట ముప్పయ్యారు బాబా."

సున్నపురాయి గుహలో, "మనుషులు బాగా తవ్వారు," అన్నాడు.

"మనుషులు కాదు బాబా. నీళ్ళు తవ్వాయి. చుక్కచుక్కగా."

చిలకల దిబ్బ దగ్గర, "పొద్దున్నయితే ఈ చిలకలన్నీ ఇక్కడికొచ్చి వాలతాయి," అన్నాడు.

"సాయంత్రం వాలతాయి! పొద్దున్న ఎల్లిపోతాయి!"

ఎల్లాజీకి అరికాలి మంట నెత్తికెక్కింది. అతను ఆకలికి ఆగుతాడు, ఎండకి ఆగుతాడు, ఎదుట తప్పు మాట వింటే మాత్రం ఆగలేడు. ఒక పెద్దాఫీసరు సభలో దీవి పొడవు మైలు ఎక్కువ చెప్పాడని జనంలోంచి లేచి, అందరి ముందూ ఆ మైలు కోసేసిన మనిషి. అలాంటివాడు ఆ రోజు సాయంత్రం దాకా గురువుగారి తప్పులు దిద్దుతూనే ఉన్నాడు. మనసులో మాత్రం ఓడ తిరుగుతోంది. రేపీపాటికి నూకాలు ఉండదు. ఈ ముసలాయన చూస్తే పగడాలు చెట్లకి కాస్తాయంటున్నాడు.

నాలుగింటికి తొమ్మిదో చోటుకి చేరారు. ఆటుకి నీళ్ళు దూరంగా జరిగిపోయి ఉన్నాయి. ఇసకలో మెట్లు తెల్లగా మెరుస్తున్నాయి.

టూరిస్టులు కూర్చోడానికని అక్కడొక దుంగ వేసుంది. బాబాని దానిమీద కూర్చోబెట్టి, ఎల్లాజీ రోజూ నిలబడే చోట నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

"ఇక్కడ ఒక జాలరి ఉండేవాడండీ..."

"ఆగాగు. పొద్దుట్నుంచీ తలెత్తి వింటుంటే మెడ పట్టేసింది," అన్నాడు బాబా. "నువ్విలా కూర్చో. నేను నిలబడతాను."

"కథ చెప్పాల్సింది నేను కదా బాబా."

"కూర్చోవయ్యా. ఈ దీవిలో నాకు తెలియనిదేముంది? నేనే చెబుతాను."

ఎల్లాజీ కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ దుంగ మీద అతనెప్పుడూ కూర్చోలేదు. ఎదురుగా అయిదు మెట్లు. వాటి వెనక ఏమీ అడ్డులేకుండా సముద్రం. దిక్కులు చూద్దామంటే అటూ ఇటూ ఇంకేమీ లేదు.

బాబా టోపీ తీశాడు. నల్లద్దాలు తీశాడు.

"ఇక్కడ ఒక జాలరి ఉండేవాడండీ," అన్నాడు, అచ్చం ఎల్లాజీ గొంతుతో. "అతనికి ఒక కొడుకు."

"కూతురు," అన్నాడు ఎల్లాజీ.

"కూతురు. నాలుగేళ్ళది."

"ఆరు నిండాయి. ఏడో ఏడు."

"సముద్రమంటే చచ్చేంత భయం."

"భయమా? దానికా?" ఎల్లాజీ సగం లేచాడు. "మా పడవ ఒడ్డుకి రావడం ఆలస్యం, నడుంలోతుకి పరిగెత్తుకొచ్చేసి తాడు పట్టుకునేది. దిగొద్దే దిగొద్దే అని వాళ్ళమ్మ గుండె బాదుకునేది. వినేది కాదు."

"తిండి సరిగ్గా తినేది కాదు. బక్కది."

"ఎవరన్నారు మీకు? చేపలు వేపితే తోకలన్నీ దానికే. కరకరలాడతాయని. నాకొక్కటి మిగిలిస్తే ఒట్టు!"

"సరే. దాని పేరు లక్ష్మి."

"పైడమ్మ!"

అరిచేశాడు. ఒడ్డునున్న పీటలంత పీతలన్నీ ఒక్కసారిగా కన్నాల్లోకి దూరిపోయాయి. ఎల్లాజీ చేత్తో నోరు మూసుకున్నాడు. అప్పటికే పేరు బయటికొచ్చేసింది.



"పైడమ్మ," అన్నాడు బాబా, ఈసారి తన గొంతుతో. "దానికోసారి గాలం దిగితే నువ్వే ఎత్తుకుని గుట్టెక్కావు. నేనే గాలం తీసి పసుపద్ది కట్టుకట్టాను. ఏడవలేదు గట్టిపిల్ల. మచ్చ పడింది. ఎడమ మోకాలి కింద."

ఎల్లాజీ దిద్దడానికి నోరు తెరిచాడు.

ఎడమ కాదు. కుడి. ఎత్తుకున్నది ఈ భుజాన. తల ఇటు పెట్టుకుంది. కాలు ఇటు వేలాడింది... అలాగైతే ఎడమే. కాదు. గుట్టెక్కేటప్పుడు భుజం మార్చుకున్నాడు. రక్తం చొక్కాకి ఎటు అంటింది? దీవిలో ఏ మానుకి ఎన్నేళ్ళో తెలుసు, లైట్‌హౌస్ కి ఎన్ని మెట్లో తెలుసు, ఏ గుహలో ఏ రాయి ఎంత పొడుగో తెలుసు.

"బాబా," అన్నాడు. "నాకు... ఏ కాలో గుర్తురావట్లేదు."

అప్పుడొచ్చింది. ఎంత ఏడ్చాడన్నది మాత్రం నేను పెంచి చెప్పను.

బాబా వచ్చి దుంగ మీద పక్కన కూర్చున్నాడు. నీళ్ళు మెల్లగా ఒడ్డు వైపు తిరిగాయి.

"చెప్పండి బాబా. ఎడమేనా?"

"నేను ముసలాణ్ణి. నాకూ గుర్తులేదు." బాబా టోపీలో ఇసక దులిపాడు. "గుర్తున్నవాళ్ళని అడుగు."

ఎల్లాజీ ఇంటికొచ్చేసరికి నూకాలు చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది. అతని కాళ్ళకి ఇసక, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆమె చూసి కూడా చూడనట్టు ఇంకో చీర తీసింది. అతను గడప మీదే కూలబడ్డాడు.

"నూకాలూ."

"అన్నం ఆ గిన్నిలో ఉంది."

"పైడమ్మకి మచ్చ ఏ కాలికి?"

చీర సగం మడతలో ఆగిపోయింది. నూకాలు అతని మొహంలోకి చాలాసేపు చూసింది, ఈయనెవరో కొత్త మనిషి గుమ్మంలోకొచ్చి కూర్చున్నట్టు. తర్వాత వచ్చి పక్కన కూర్చుంది. తన కుడికాలు చాపి, మోకాలి కింద బొటనవేలంత చోట వేలు పెట్టింది.

"ఇలాగ," అంది. "అడ్డంగా."

ఎల్లాజీ తన వేలు కూడా అక్కడే పెట్టాడు.

శుక్రవారం ఓడ రెండుసార్లు కూత వేసి, వెళ్ళిపోయింది.

ఇంక లే అమ్మాయ్, కళ్ళు తుడుచుకో. పొయ్యి పక్కన గిన్నెలో చేపల పులుసుంది, దీవి మొత్తానికి సరిపోతుంది. నూకాలుకి ఇచ్చిరా. ఈవేళప్పుడు ఇంట్లో ఉండరు, ఇద్దరూ ఆ మెట్ల దగ్గరే ఉంటారు. ఏదో మాట్లాడుకుంటూ ఉంటారు, పలకరించకు. గిన్నె పక్కన పెట్టి, కుక్కలు ముట్టకుండా మూత మీద రాయి పెట్టి, చప్పుడు కాకుండా వచ్చెయ్.