ఓబులమ్మ నీళ్ళు తేని రోజు

అనగనగా ఒక అడవిలో వానకు మతిమరుపు వచ్చింది. మృగశిరలో రావలసింది ఆరుద్ర వెళ్ళిపోయినా రాదు. వచ్చిన నాడు కొండనంతా కోసుకుపోతుంది. అందుకని కొండ కింది వాగు మాఘానికే ఎండిపోయింది.

ఆ కొండమీద కొండముచ్చులు కాపురం ఉండేవి. సొరబుర్రలతో నీళ్ళు తేవడం ఆడవాళ్ళ పని. ఇదివరకు నాలుగు గెంతుల్లో వాగు. ఇప్పుడు మూడు కొండలు దాటాలి. ఓబులమ్మ పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నానికి తిరిగి వచ్చేది. నడిచి నడిచి పాలు తగ్గిపోయాయి. ఆమె చంటిపిల్ల ఏడ్చే ఓపిక లేక ఊరికే చూస్తూ ఉండేది.

మగవాళ్ళు ఖాళీగా లేరు పాపం. రోజూ పొద్దున్నే నీళ్ళ గురించి పంచాయితీ పెట్టేవారు. వాగు ఇసుకలో చెలమ తవ్వి ఊట పట్టాలని తేల్చారు.

మొదటిరోజు పంచాయితీ పెద్ద తిప్పన్న కూర్చునే బండ పక్కన తవ్వారు. అక్కడ నీడ బాగుంటుంది. పొడి ఇసుక వచ్చింది. రెండోరోజు నల్లప్ప చూపిన చోట తవ్వారు. నల్లప్ప గొంతు పెద్దది. పొడి ఇసుకే. మూడోరోజు ఇద్దరి మనసూ నొచ్చుకోకుండా ఆ రెండు గుంటల నడుమ తవ్వారు. అక్కడా అంతే. తవ్విన అలసటకు, ఆడవాళ్ళు తెచ్చిన నీళ్ళన్నీ మూడురోజులూ తవ్వినవాళ్ళే తాగారు.

ఓబులమ్మకు ఒక సందేహం వచ్చింది. నీళ్ళకు తనతో నడిచే ఈరక్కను అడిగింది.

“ఈరక్కా, మొదటి కొండ దాటాక మద్దిచెట్టు దగ్గరి వాగు మలుపులో ఇసుక కాళ్ళకు అంటుకుంటుంది, చూశావా?”

“అంటుకుంటే దులుపుకో.”

“అది కాదక్కా, కింద తడి ఉన్నట్టే కదా. ఆ మాట పంచాయితీలో ఎవరూ అనరేం?”

“వాళ్ళ కాళ్ళు అంతదూరం ఎప్పుడొచ్చాయే? మనం నీళ్ళకు వెళ్ళాకే కదా వాళ్ళు కూర్చునేది!”

నీళ్ళకు వెళ్తే చెప్పే వీలు లేదు. చెప్పడానికి ఆగితే ఆ పూట పిల్లకు చుక్క నీరుండదు. ఓబులమ్మ బాగా ఆలోచించింది. మర్నాడు పిల్లను చంకనేసుకుని పంచాయితీలో కూర్చుంది.

“నీళ్ళకు వెళ్ళలేదేం ఓబులమ్మా?” అన్నాడు తిప్పన్న.

“ఈరోజు తేను మామా.”

“మరి తవ్వేవాళ్ళు ఏం తాగాలి?”

“మద్దిచెట్టు మలుపులో తవ్వండి. ఊరినవి తాగండి.”

నల్లప్ప నవ్వాడు. “ఊట సంగతి నీకేం తెలుసు?”

“నా కాళ్ళకు తెలుసు బావా. నీ కాళ్ళు ఎప్పుడైనా అటు వచ్చాయా?”

ఎండెక్కింది. నీళ్ళకు వెళ్ళిన మిగతా ఆడవాళ్ళు ఇంకా తిరిగి రాలేదు. దాహం వేసింది. దాహం వేస్తే కొండముచ్చులకు చెవులు బాగా వినిపిస్తాయి. లేచి వెళ్ళి తవ్వారు. మోచేతి లోతున ఇసుక తడిగా తగిలింది. భుజం లోతున నీరు ఊరింది.

మొదటి దోసిలి ఓబులమ్మ తన పిల్లకు పట్టింది. పిల్ల తాగింది. ఇంకా కావాలని కొండ అదిరేలా ఏడ్చింది.

“ఇక్కడ నీళ్ళున్నాయని నాకు ముందే తెలుసు,” అన్నాడు తిప్పన్న. ఎవరూ కాదనలేదు. అయితే మర్నాటి నుంచి పంచాయితీ సాయంత్రానికి మారింది. ఆడవాళ్ళు వచ్చి కూర్చునేదాకా తిప్పన్న గొంతు సవరించుకుంటాడే తప్ప మాట మొదలుపెట్టడు.

నీతి: కష్టం ఎవరి నెత్తిన పడిందో, దాన్ని దాటే దారి ముందుగా వాళ్ళనే అడగాలి.