గేదె పాల మీద నింద

ఏనుగుకొండ కింది అడవిని ఏలే సింహాల వంశంలో ఒక ఆచారం ఉండేది. రాణి బిడ్డను కనాలే గానీ పాలివ్వకూడదు. ఇస్తే ఒంటి నిగ్గు తగ్గుతుందట. అందుకని యువరాజు పుట్టిన రోజునే మడుగులో పడుకున్న పోలమ్మ అనే గేదెను లేపి కొలువుకి తోలుకొచ్చారు. ఆమె ఈని అప్పటికి వారమే. పొదుగుకున్న నాలుగు చన్నుల్లో మూడు యువరాజుకి, ఒకటి ఆమె దూడకి అని రాజాజ్ఞ అయింది. సొంత దూడకి నాలుగో వంతు! అయినా పోలమ్మ ఇద్దరికీ పాలిచ్చింది. తాగే నోరు ఏ జాతిదైనా ఆకలి ఆకలే కదా అనుకుంది.

రెండో ఆచారం ఇంకా ఘనమైనది. యువరాజు ఏం చేసినా కొలువంతా ఒక్క గొంతుతో "భళా!" అనాలి. దీన్ని అందరికీ నేర్పింది మంత్రి నక్క. యువరాజు కుందేలు చెవి కొరికితే భళా. ముసలి కోతిని తోక పట్టి కొమ్మ మీంచి కిందికి లాగితే భళా. రాణిగారైతే "మా వాడి పౌరుషం చూశారా!" అని మురిసిపోయేది. పోలమ్మ దగ్గర మాత్రం ఆ ఆటలు సాగేవి కావు. పాలు తాగుతూ కొరికాడంటే "చాలు నాయనా, వదులు" అని పక్కకి జరిగేది. వాడు కాసేపు గుర్రుమని, ఆకలేసి, బుద్ధిగా వచ్చేవాడు.

ఏడు నెలలు గడిచాయి. పొరుగు కొండ సింహరాజు తన కూతురికి సంబంధం మాట్లాడదామని వచ్చాడు. రాజుల సంబంధాలకి వయసుతో పనేముంది? విందు మధ్యలో యువరాజు ఎగిరి ఆయన జూలు పట్టుకుని గుప్పెడు పీకేశాడు. కొలువు అలవాటు కొద్దీ "భళా!" అంది. వచ్చిన పెద్దమనిషి మూతైనా తుడుచుకోకుండా లేచి వెళ్లిపోయాడు.

రాజు గంభీరకేసరి మండిపడ్డాడు. "ఏడు తరాలుగా మా వంశంలో ఈ బుద్ధి ఎవరికీ లేదు. వీడికి ఎక్కణ్నుంచి వచ్చింది?"

నక్క సిద్ధంగానే ఉంది. "రక్తంలో లోపం లేదు ప్రభూ. తప్పంతా తాగిన పాలది. ఎంతైనా గేదె పాలు!"

"నేనెప్పుడో అనుకున్నాను" అంది రాణి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పెంచడం చేతగాక పాలను తప్పుపట్టారు. అంతటితో పోయిందా? పోలమ్మ తన దూడతో సహా మడుగు విడిచి అప్పటికప్పుడు బోడికొండ ఎక్కాలని తీర్పు. రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. బోడికొండ మీద చుక్క నీరుండదు. నీళ్లలో దిగకపోతే ఆ దూడ రెండు రోజులు కూడా బతకదు. ఆ సంగతి కొలువులో అందరికీ తెలుసు. అయినా అందరూ తలలూపారు.

పోలమ్మ జరిగినవన్నీ తలుచుకుంది. యువరాజు తొలిసారి గర్జించిన రోజున సింహం రక్తమన్నారు. మొదటి వేట పట్టిన రోజున తండ్రి పోలిక అన్నారు. పాలిచ్చిన తన పేరు ఆనాడు ఒక్కరి నోటా రాలేదు. ఇవాళ జూలు పీకితే మాత్రం పాలు గుర్తొచ్చాయి!

"మారాజా," అంది, కొలువు మధ్యకి నడిచి. "ఆ పాలే నా దూడా తాగింది. దానివల్ల ఎవరికైనా ఇంత నొప్పి కలిగిందేమో అడగండి."

నక్క నవ్వింది. "గేదె పాలు దూడకి సరిపడతాయి. సింహానికి వికటిస్తాయి. ఆ మాత్రం తెలీదూ?"

"మరి బాబుగారు వేట పట్టినప్పుడు వికటించలేదేం?"

"అది రక్తం బలం."

"జూలు పీకడం?"

"అది పాల దోషం."

"ఎంత బాగా పంచారు మంత్రిగారూ! కండ మీకు, ఎముక నాకు."

చెట్ల మీద కోతులు కిచకిచ నవ్వాయి. రాజు గుర్రుమనేసరికి గప్‌చుప్ అయ్యాయి. నరం లేని నాలుకతో వాదించి గెలవలేనని పోలమ్మకి తెలిసిపోయింది. బండ మీద విసుగ్గా కూర్చున్న యువరాజు వంక చూసింది. ఊగేది ఏది కనబడ్డా వాడు ఆగలేడు. ఆ సంగతి పెంచిన ఆమెకి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

"సరే, ఒప్పుకుంటాను మారాజా" అంది గొంతు తగ్గించి. "కానీ నా పాలతో బాబుగారికి ఏయే దోషాలు అంటుకున్నాయో మంత్రిగారు తమ ముందు నిలబడి వివరంగా చెప్పాలి. రేపు ఇంకో దాదిని వెతికేటప్పుడు తమకే పనికొస్తుంది."

నక్కకి ఉపన్యాసమంటే ప్రాణం. యువరాజుకి వీపు పెట్టి, రాజు వైపు తిరిగి మొదలెట్టింది. మాట ఊపందుకునే కొద్దీ తోక కూడా అటూ ఇటూ ఊగసాగింది.

"ప్రభూ! మొదటి దోషం, పెద్దల ముందు అదుపు లేకపోవడం..."

యువరాజు ఒక్క ఉరుకు ఉరికి ఆ తోకని కరిచి పట్టుకున్నాడు.

"భళా!" అంది కొలువు.

నక్క కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. రాజు ఎదుట యువరాజుని కసరడం ఎలా? "భ... భళా, యువరాజా!" అంది. మెప్పు వినబడగానే వాడు ఇంకా గట్టిగా కొరికాడు. కొలువు ఇంకోసారి భళా అంది. పంటి కింద ఏదో కటుక్కుమంది.

"పోలమ్మా! వదలమని చెప్పు తల్లీ! నీ మాటైతే వింటాడు!"

పోలమ్మ కదల్లేదు. "చెప్పడానికి నేనెవర్ని మంత్రిగారూ? కొరికిస్తున్నవి నా పాలే కదా. అవునో కాదో ముందు తేల్చండి. నాకేం తొందర లేదు."

"పాలు కాదు! పాలు కాదు!"

"మరి?"

"మేమే! వాడు చేసిన ప్రతి వెధవ పనికీ భళా అన్నాం!"

"అనమని నేర్పింది ఎవరు?"

"నేనే!"

"గట్టిగా చెప్పండి. వెనక ఏనుగులకి వినబడలేదట."

"నేనే తల్లీ, నేనే నేర్పాను!"

అప్పుడు పోలమ్మ, "చాలు నాయనా, వదులు" అంది. వాడు వదిలేశాడు. అప్పటికే సగం తోక వాడి నోట్లో ఉండిపోయింది.

రాజు గొంతు సవరించుకున్నాడు. "పోలమ్మా, తీర్పు రద్దు చేశాం. మడుగులోనే ఉండు. రేపట్నుంచి ఎప్పటిలాగే యువరాజుని చూసుకో" అన్నాడు. తప్పయిందన్న మాట మాత్రం రాలేదు. రాజులకి ఆ మాట చిన్నప్పుడు ఎవరూ నేర్పరు మరి.

"చూడను మారాజా" అంది పోలమ్మ. "బాబుగారి మీద నాకు కోపం లేదు, పసివాడు. పొద్దస్తమానం మీరంతా కలిసి చెడగొట్టినవాణ్ని, పాలు తాగే కాసేపట్లో నేనెక్కడ బాగుచెయ్యను? మీ బిడ్డని మీరే పెంచుకోండి. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. వాడింకా మొక్కే, ఇప్పుడైనా వంచండి."

దూడని ముందు పెట్టుకుని ఆమె మడుగు వైపు వెళ్లిపోయింది. నోట్లో తోక ముక్కతో యువరాజు భళా కోసం తల్లి ముందుకొచ్చి నిలబడ్డాడు. రాణి రాజు వంక చూసింది. రాజు నక్క వంక చూశాడు. నక్క తనకి మిగిలిన తోక వంక చూసుకుంటూ కూర్చుంది.

నీతి: బిడ్డ మంచిని వంశానికి, చెడుని దాదికి అంటగట్టే ఇంట్లో ముందు బాగుపడాల్సింది బిడ్డ కాదు, పెద్దలు.