వేయించని కాఫీ

ఐరోపాలో ఒకానొక రాజ్యాన్ని అల్డ్రిక్ మహారాజు ఏలుతుండేవాడు. ఎవరేమడిగినా "చూద్దాం" అనడం ఆయన అలవాటు. ఆ మాట వినీ వినీ విసిగిపోయినవాడు గెబ్రు. ఆఫ్రికా కొండల్లోని ఒక చిన్న దేశం పంపిన ముసలి రాయబారి.

గెబ్రు దేశంలో పండేది కాఫీ. చుట్టం గడప తొక్కితే ఎదుటే గింజలు వేయించి, ఆ కమ్మని పొగ చూపించి, అప్పుడు కాచి పోయాలి. అదీ వాళ్ళ మర్యాద. అల్డ్రిక్ ఏం చేశాడంటే, ఆ దేశంతో చేసుకున్న వ్యాపార ఒడంబడికలో ఒక షరతు ఇరికించాడు. "మీ గడ్డ మీద కాఫీగింజ వేయించరాదు. పచ్చిగింజ మాకే అమ్మాలి, పొడి మా దగ్గరే కొనాలి."

ఇంకేముంది! పండించినవాడికే పొడి కొనే స్తోమత లేకపోయె. అల్డ్రిక్ భటులు ఇంటింటికీ తిరిగి పెనాలు పట్టుకుపోయారు. చుట్టాలొస్తే జనం సిగ్గుతో తలుపులేసుకునే రోజులొచ్చాయి. ఆ షరతు తీయించుకు రమ్మని గెబ్రును పంపారు. మూడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగాడు పాపం.

చివరికొకనాడు రాజును తన విడిదికి విందుకు పిలిచాడు. రాజు దర్జాగా వచ్చాడు, కడుపారా తిన్నాడు.

"ఏదీ, మీ దేశపు కాఫీ?" అన్నాడు మీసం దువ్వుతూ.

గెబ్రు వెండి గిన్నెలో పోసిచ్చాడు. రాజు ఒక్క గుక్క తాగి థూ అని ఉమ్మేశాడు.

"ఏమిటీ గడ్డి కషాయం? నన్ను అవమానిస్తావా?"

"ఎంతమాట ప్రభూ! రాయబారి విడిది అతని సొంతగడ్డతో సమానమని మీ చట్టమే కదా. మా గడ్డ మీద వేయించరాదని మీ షరతాయె. అందుకే పచ్చిగింజలు నూరి కాచాను."

"సరే, ఈ పూటకు వేయించు!"

"వేయిస్తే మాట తప్పిన దేశమని రేపు తమరే అంటారు. షరతు ఉన్నన్నాళ్ళూ నా పొయ్యి మీద ఇదే కాగుతుంది."

రాజుకు నోరింకా చేదుగానే ఉంది. "ఇంత చిన్న సంగతి ముందే చెప్పకపోయావా?"

గెబ్రు నీరసంగా నిట్టూర్చాడు. "పద్నాలుగుసార్లు తమరి చెవికి విన్నవించుకున్నాను ప్రభూ. లాభం లేకపోయింది. ఈసారి నాలుకకు విన్నవించుకున్నాను."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కలం తెప్పించి ఆ షరతు అక్కడికక్కడే కొట్టేశాడు. తన ముత్యాలహారం తీసి గెబ్రు మెడలో వేశాడు.

"ఇక వేయించవయ్యా!"

"మా ఊరు రండి ప్రభూ, మా ఆవిడ వేయిస్తుంది," అన్నాడు గెబ్రు అక్కడే కూలబడుతూ. "నాకిక ఓపిక లేదు."