సిరిచుక్క వాసనతో వచ్చినది

పొగడకోన అనే అడవిలో దుప్పులు, కణుజులు, కుందేళ్లు, అడవిపందులు ఉండేవి. ఒక ముసలి ఏనుగు కూడా ఉండేది. దాన్ని అందరూ ఏనుగవ్వ అని పిలిచేవారు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. వాగు ఎండిపోయింది. కొండమీద గడ్డి అంటుకుని కాలింది. ఆ పొగ కోనలోకి దిగి, ఎటూ పోకుండా చెట్ల మధ్యే నిలబడిపోయింది. ఆకు కదలదు, పిట్ట కూయదు. ఎవరైనా వస్తుంటే ముందు అడుగుల చప్పుడు వినబడేది. ఒళ్లు కనబడటానికి చాలాసేపు పట్టేది. ఒక్కోసారి చప్పుడు వినబడేది కానీ, ఎవరూ వచ్చేవారు కాదు.

జంతువులన్నీ కలిసి వాగు ఇసుకలో లోతుగా ఒక చెలమ తవ్వుకున్నాయి. అడుగున కాసిని నీళ్లు ఊరాయి. తవ్వినవాళ్లందరికీ రోజుకింత అని వాటా పెట్టుకున్నారు. వాటాకు మించి తాగితే మర్నాడు అంతకు అంత ఇసుక తవ్విపోయాలి. అదీ కట్టుబాటు.

చెలమలోకి దిగే దారి ఒక్కటే. ఆ దారి మొదట్లో ఏనుగవ్వ కూర్చునేది. దాని కళ్లకు పొరలు కమ్మాయి. అయినా ఏం? తొండం చాచి వాసన పట్టి, "నువ్వు ఫలానా, వెళ్లి తాగు" అనేది. ఎన్నడూ పొరబడలేదు.

సిరిచుక్క అనే దుప్పి తన వాటా నీళ్లు కొంచెమే తాగి, మిగతావి పిల్లకు వదిలేది. పిల్ల పేరు బొట్టి. పుట్టి ఎక్కువ రోజులు కాలేదు. తల్లికి పాలు సరిగా పడటం లేదు. ఆ నీళ్లే దానికి ప్రాణం.

ఒకనాడు సిరిచుక్క మేతకు వెళ్తుంటే తునికి పొదల్లోంచి ఒక గొంతు వినిపించింది. మెత్తగా, తేనె పూసినట్టు ఉంది.

"అమ్మా సిరిచుక్కా, ఏనుగవ్వ పంపింది నన్ను. పొగ వల్ల నీ వాసన చెదిరిపోతోందట. రేపటినుంచి నీ వాటా ఆపేస్తారట."

సిరిచుక్క పొద వైపు తిరిగింది. "అయ్యో, నా బిడ్డ ఎట్లా బతుకుతుంది?"

"అందుకేగా వచ్చాను. అదిగో, నీ కాళ్ల దగ్గర మద్దిబెరడు ఉంది. దానికి నీ బుగ్గ గట్టిగా రుద్ది వెళ్లు. అవ్వకు చూపించి సరిచేయిస్తాను. త్వరగా కానివ్వమ్మా, ఇంకా చాలామంది దగ్గరికి వెళ్లాలి."

దుప్పి వాసన దాని బుగ్గలోనే ఉంటుంది. సిరిచుక్క ముందూ వెనకా చూడలేదు. బెరడుకు బుగ్గ రుద్దింది. కొంచెం దూరం వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే బెరడు లేదు. పొద మాత్రం ఊగుతోంది. గాలి లేదు మరి.

మర్నాడు పొద్దువాలాక బొట్టిని వెంటబెట్టుకుని చెలమకు వచ్చింది.

"మళ్లీ వచ్చావేం తల్లీ? ఇందాకే కదా తాగి వెళ్లావు?" అంది ఏనుగవ్వ.

"నేనా? నేను ఇప్పుడే కదా అవ్వా వస్తున్నాను."

"నీ వాసనే. అవ్వా బాగున్నావా అని కూడా అడిగావు. అడుగున ఇసుక తేలేదాకా తాగావు. వాటాకు మించే తాగావు."

సిరిచుక్క బొట్టిని దగ్గరికి లాక్కుంది. తను ఇక్కడ ఉంది. తన వాసన తనకంటే ముందే వచ్చి, పలకరించి, నీళ్లు తాగి వెళ్లిపోయింది. ఇప్పుడు ఈ పొగలో ఎక్కడ తిరుగుతోందో.

"అమ్మా, దాహం" అంది బొట్టి.

ఆ పక్కనే గంధరాయుడు నిలబడి ఉన్నాడు. పెద్ద కొమ్ముల కణుజు అతను. తన వాసనంత గొప్ప వాసన అడవిలో లేదని అతని నమ్మకం. కనబడిన చెట్టుకల్లా మెడ రుద్ది పోతుంటాడు.

సిరిచుక్క అతని దగ్గరికి వెళ్లి బెరడు సంగతి చెప్పింది.

"ఆ గొంతు నా దగ్గరికీ వచ్చింది. నేనూ రుద్దాను. అయితే ఏమైంది?" అన్నాడు గంధరాయుడు.

"అదే దొంగేమో మామా. అవ్వకు చెప్పేద్దాం."

"చెబితే అందరూ నవ్వుతారు. బుద్ధిలేక సొంత వాసన ఎవరికో ఇచ్చుకుంది అంటారు. నోరు మూసుకుని రేపు పెందలాడే రా, సరిపోతుంది."

సిరిచుక్కకు సిగ్గుగానే ఉంది. కానీ బొట్టి తడిసిన ఇసుకను నాకుతోంది. అది చూశాక సిగ్గు ఎటు పోయిందో. ఏనుగవ్వ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది.

"నేనెవరినీ పంపలేదు తల్లీ" అంది అవ్వ. "నీ వాసన నాకు కావాలంటే నా తొండం లేదా? పొదల్లో దాక్కుని అడిగే పని నాకేం?"

"అయితే అవ్వా, ఈ వాసనతో ఎవరు వచ్చినా నీళ్లు ఇవ్వకు. నేను వచ్చినా సరే, ఇవ్వకు."

"నువ్వొచ్చినా?"

"నేనొచ్చినా. ఆ వాసన ఇక నాది ఒక్కదానిదే కాదు."

అవ్వ సిరిచుక్కను దగ్గరికి పిలిచింది. ఇద్దరూ తలలు ఆనించి ఒక కొత్త గుర్తు పెట్టుకున్నారు. రేపు పొద్దు వాలితే గానీ పాత వాసనతో వచ్చేది ఎవరో తేలదని, అప్పటిదాకా వాటా మూసి ఉంచాలని అనుకున్నారు. ఆ రోజుకు తల్లీబిడ్డలు ఉసిరికాయలు నమిలి నాలుక తడుపుకున్నారు. తన పేర ఎక్కువ పోయిన నీళ్లకు సిరిచుక్క మర్నాడు పొద్దున్నే ఇసుక తవ్విపోసింది.

మర్నాడు పొద్దు వాలింది. పొగలోంచి మెత్తని అడుగులు వచ్చాయి.

"అవ్వా, బాగున్నావా? నేను సిరిచుక్కని."

వాసన సిరిచుక్కదే. ఏనుగవ్వ కదలకుండా అంది, "సిరిచుక్కకు నీళ్లు ఇవ్వొద్దని సిరిచుక్కే చెప్పి వెళ్లింది." అంటూనే తొండం చాచి వీపు తడిమింది. మెడ మీద నిక్కబొడుచుకున్న జూలు తగిలింది. దుప్పికి జూలు ఎక్కడిది?

అది ఒక్క దూకు దూకి పొగలో కలిసిపోయింది. ఇసుక మీద బూడిద అడుగులు మిగిలాయి. కుందేలు వచ్చి చూసి, "దుమ్ములగొండి" అంది. చెలమ తవ్వేటప్పుడు పిలిస్తే అది రాలేదు. కాలిన గడ్డి బూడిదలో పొర్లి తన వాసన పోగొట్టుకుని, బెరళ్ల మీద దొర్లి పక్కవాళ్ల వాసన వేసుకుంటోందన్నమాట.

ఆ మాట అడవంతా పాకింది. బెరడుకు బుగ్గ రుద్దినవాళ్లందరూ వచ్చి పాత వాసన మూయించుకుని కొత్త గుర్తులు పెట్టుకున్నారు. గంధరాయుడు మాత్రం ఒప్పుకోలేదు.

"నా వాసన నేనే కాదనాలా? అవ్వా, నా ఒంటి మీద తొండం కూడా వేయొద్దు. మర్యాద కాదు."

"నువ్వన్నట్టే చేస్తాను నాయనా. రేపు నన్ననొద్దు" అంది అవ్వ.

ఆ తర్వాత ఒకసారి తునికి పొదల్లోంచి సిరిచుక్కకు మళ్లీ ఆ గొంతు వినబడింది. "అమ్మా, నీ వాటా మూసేశారటగా, పాపం. కొత్త గుర్తేమిటో నాకు చెప్పు, తెరిపిస్తాను."

సిరిచుక్క నిలబడి, "అవ్వ దగ్గరికే వెళ్తున్నాను. నువ్వూ రా, ఇద్దరం కలిసి అడుగుదాం" అంది.

పొదలో ఊపిరి చప్పుడు ఆగిపోయింది. ఎవరూ రాలేదు.

గంధరాయుడు నాలుగు రోజులు దూరపు కొండమీద రాలిన ఇప్పపూలు మేస్తూ ఉండిపోయాడు. తిరిగి వచ్చేసరికి నాలుక పిడచగట్టింది. చెలమ దగ్గరికి వచ్చి, "అవ్వా, దారి ఇవ్వు" అన్నాడు.

ఏనుగవ్వ చెవులు విప్పింది. "నువ్వెవరు? గంధరాయుడు లోపల తాగుతున్నాడే."

కింద చెలమలోంచి గుటకల చప్పుడు వస్తోంది. నింపాదిగా తాగుతున్నారు ఎవరో. ఆ గుంటలోంచి గంధరాయుడి వాసన పైకి వచ్చి గంధరాయుడి ముక్కుకు తగిలింది. అది అతని ఒంటి వాసన కంటే గాఢంగా ఉంది.

"నేను గంధరాయుణ్ణి" అన్నాడు.

"నేను గంధరాయుణ్ణి" అంది కింద ఉన్నది, మెత్తగా.

ఆ తర్వాత అది పైకి వచ్చింది. పొగలో బూడిద రంగు వీపు ఒకటి అతన్ని రాసుకుంటూ పోయింది. తన వాసనే తనను దాటుకుని వెళ్లిపోతుంటే అతను అడ్డుపడలేకపోయాడు.

అప్పుడు తొండం వేయనిచ్చాడు. అవ్వ తడిమి చూసి నిట్టూర్చింది. "నిజంగా నువ్వే నాయనా. కానీ నీ పేర వారానికి సరిపడా నీళ్లు పోయాయి. తాగేసిన నీళ్లు నేను తేలేను. ముందే మూయమంటే మూసేదాన్ని."

కట్టుబాటు కట్టుబాటే. గంధరాయుడు ఎండలో గిట్టలు అరిగేలా ఇసుక తవ్విపోశాడు. అందరూ తాగాక అడుగున మిగిలిన బురద నీళ్లు తాగాడు. ఒకనాడు సిరిచుక్క తన వాటాలో రెండు గుక్కలు వదిలి, "తాగు మామా. తాగి, వెళ్లి గుర్తు మార్చుకో" అంది. అతను తల వంచుకుని తాగాడు. ఆ సాయంత్రమే మార్చుకున్నాడు. చెట్లకు మెడ రుద్దటం కూడా మానేశాడు.

వానలు వచ్చాయి. పొగ తేలిపోయింది. బొట్టి ఒంటి మీద చుక్కలు నిండుగా తేలాయి. పొదల్లోని గొంతు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉందని అంటారు. మెత్తగా పేరు పెట్టి పిలుస్తుందట, త్వరగా కానివ్వమంటుందట.

సిరిచుక్క పెట్టుకున్న కొత్త గుర్తు ఏమిటంటారా? అది నాకూ తెలియదు. బొట్టి అడిగినా వాళ్లమ్మ చెప్పలేదు, నువ్వు పెద్దయ్యాక నీది నువ్వే పెట్టుకో అంది.

నీతి: నీ గుర్తు అడిగి తొందరపెట్టే గొంతుకు దాన్ని ఇవ్వకు, పొరపాటున ఇచ్చేస్తే సిగ్గుపడి దాచకుండా వెంటనే చెప్పి ఆ దారి మూయించు.