కాలిబాట ఎవరిది?

నగరజనులు ఎక్కి తిరిగే గుర్రపుబండ్ల కోసం రత్నగిరిలో కొత్త దారి వేస్తున్నారు. ఆ పనిలో పక్కనున్న కాలిబాట మీద ఒక రాతిపలక కదిలిపోయింది. దాని మీద అడుగుపెట్టిన కుండల పోలయ్య పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు శాశ్వతంగా వంకరపోకముందే మంచి వైద్యం చేయించమని అతని భార్య కోటమ్మ న్యాయాధికారిని వేడుకుంది.

"పని ముగిసేదాకా కాలిబాట పూచీ దారి వేసే గుత్తేదారుదే," అన్నాడు నగరాధికారి విశ్వంభరుడు.

"నాకు అప్పగించింది బండ్లదారి మాత్రమే. కాలిబాటతో నాకేం సంబంధం?" అన్నాడు గుత్తేదారు.

కోటమ్మ చేతులు జోడించింది. "ఎవరిదీ కాదన్నమాట! అయితే సెలవిప్పించండయ్యా, ఆ పలకలన్నీ పెకలించి మా వాకిట్లో పరుచుకుంటాను."

"ఎంత ధైర్యం! ముట్టుకుంటే చెరసాలే! అవి నగరం సొత్తు!" అని గర్జించాడు విశ్వంభరుడు.

"సొత్తు తమదైతే, అది విరిచిన కాలు మాత్రం ఎవరి పూచీ దొరా?"

న్యాయాధికారి నవ్వాపుకుంటూ, పోలయ్య నడిచేదాకా వైద్యం నగరమే చేయించాలనీ, పలకను ఆ పూటే సరిచేయాలనీ తీర్పు చెప్పారు.

సాయంత్రం వైద్యుడు కట్టు కట్టి, కాలు వంకరపోదని చెప్పగానే కోటమ్మ "అమ్మయ్య!" అంటూ గడప మీద చతికిలబడింది.

"నిజంగానే పలకలు తెచ్చేదానివా?" అన్నాడు పోలయ్య.

"తెచ్చేదాన్నే! మన వాకిట్లో బురద చూడలేదూ?"